తొలిముద్ద పెట్టిన చెయ్యి

కిందటివారం ఉమాదేవిని రాజోలు సెంటర్లో, కాకినాడ నుంచి వచ్చిన బస్సు మెట్టు దిగీ దిగకుండానే వదిలేసి వచ్చాం. ఆమె చేతిసంచిలో ఆస్పత్రి వాళ్ళిచ్చిన అయిదు కవర్లు ఉన్నాయి. ఎదురుగా అంగన్‌వాడీ ఆయా ఎలీసమ్మ నిలబడి, "మీ వదినగారు మిమ్మల్ని సరాసరి వాళ్ళింటికే రమ్మన్నారండి. అందరూ కూచునున్నారండి" అని కబురు చెప్పింది. ఆడమనిషిని వారం రోజులపాటు నడిరోడ్డు మీద నిలబెట్టడం మర్యాద కాదు కాబట్టి, ఇంక ఆలస్యం చెయ్యకుండా ఆమెతోపాటు మనమూ ఆటో ఎక్కుదాం.

ఆటో ఊళ్ళోకి తిరిగేలోగా, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఉమాదేవి ఊరి అంగన్‌వాడీ టీచరు. భర్త మస్కట్‌లో డ్రైవరు. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్ళో రెండు వీధుల ఎడంలో ఉండటం ఆమె అదృష్టమో దురదృష్టమో ఇన్ని వారాలైనా తేలలేదు. అన్నగారు జగ్గయ్య పోయి అయిదేళ్ళయింది. ఆయన పోయాక పుట్టింటి పెత్తనం, కొబ్బరితోట, మేనల్లుడు ప్రసాద్ నోరు, అన్నీ వదినగారు వీరలక్ష్మి గుప్పిట్లోకి వెళ్ళిపోయాయి. ఆవిడ తన తమ్ముడు జగ్గారావు కూతురు సత్యశ్రీని ఏరికోరి ప్రసాద్‌కి చేసుకుంది. బయటి సంబంధమైతే ఏ నెత్తురో ఏ పాడో, మేనరికమైతే మన రక్తం మన ఇంట్లోనే ఉంటుందని ఆవిడ పెళ్ళినాడు పదిమందికీ చెప్పుకుంది. ఆ మాట ఎంత నిజమో ఆవిడకి అప్పుడు తెలియదు.

వాళ్ళకి పుట్టిన పిల్లాడికి వాడపల్లి వెంకన్న పేరే పెట్టారు, వెంకటస్వామి అని. ఆరోనెల్లో అన్నప్రాసన కూడా ఆ స్వామి సన్నిధిలోనే పెట్టుకున్నారు. తొలిముద్ద మేనమామ పెట్టాలి. మేనమామ శివశంకర్‌కి దోహాలో సెలవు దొరకలేదు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు తొందరపెడుతుంటే సత్యశ్రీయే "పిన్నిగారూ, మీరు పెట్టేయండి" అంది. ఉమాదేవి బంగారపుటుంగరంతో పాయసం తీసి వాడి నాలిక మీద రాసింది. వాడు చప్పరించి ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచాడు. ఆమె చేసిన నేరం అంతవరకే.

నెల తిరిగేసరికి పిల్లాడి అరిచేతులు తెల్లబడ్డాయి. రెండు నెలలకి పొట్ట గట్టిపడింది, పాలు తాగుతూ తాగుతూ ఆయాసంతో వదిలేసేవాడు. ఊళ్ళో డాక్టరు రక్తం పట్టడానికని ఇనుము టానిక్కు రాసిచ్చాడు. సీసాలు ఖాళీ అయ్యాయి గానీ పిల్లాడికి రంగు రాలేదు. వీరలక్ష్మికి మాత్రం కారణం కనిపెట్టడానికి ఏ డాక్టరూ అక్కర్లేకపోయింది. "అన్ని పేటల పిల్లల మూతులూ తుడిచే చెయ్యి మా వాడి నోట్లో తొలిముద్ద పెట్టింది. ఇంకేం మిగులుద్ది?" అంది. ఆ మాట పెద్దవీధి దాటి ఊరంతా తిరిగి వచ్చేసరికి, అంగన్‌వాడీలో ఇరవై రెండుమంది పిల్లలకి తొమ్మిదిమంది మిగిలారు.

ఆ తొమ్మిదిమందినీ ఎలీసమ్మకి అప్పగించి, ఉమాదేవీ సత్యశ్రీ పిల్లాణ్ణి భుజానేసుకుని కాకినాడ వెళ్ళారు. అక్కడ డాక్టర్ అనురాధ పిల్లాడికి రక్తం ఎక్కించింది. జబ్బు పేరు తలసీమియా అని చెప్పి, నెలనెలా ఇలా ఎక్కించాల్సిందే, ఇంట్లో పెద్దలందరి రక్తం కూడా చూడాలంది. వీరలక్ష్మి వెనక్కి తగ్గే మనిషి కాదు. కబురందగానే తమ్ముణ్ణీ కొడుకునీ వెంటేసుకుని కాకినాడ వచ్చింది. "ముందు మా ఆడపడుచుది తియ్యండి. తరవాత నాదీ మా తమ్ముడిదీ తియ్యండి. ఎవరి రక్తం ఎలాంటిదో తేలిపోవాలి" అని తానే చెయ్యి చాపింది. ఉమాదేవి సంచిలో ఉన్న అయిదు కవర్లూ అవే.

ఇదిగో, ఆటో ఆగింది.

వాకిట్లో కొబ్బరికాయల రాశి పడి ఉంది. ఒలుపువాళ్ళు ఇద్దరు గునపాల మీద కాయలు ఒలుస్తున్నారు. అరుగు మీద మడతకుర్చీలో వీరలక్ష్మి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో జగ్గారావు. జగ్గారావు కిందటి ఏడాది కొత్తగా పెట్టిన నీటి సంఘానికి అధ్యక్షుడు. అప్పటినుంచీ మొగుడూ పెళ్ళాల తగువైనా కాలవగట్టు తగువులాగే తీరుస్తున్నాడు. ప్రసాద్ స్తంభానికి ఆనుకుని తన కాళ్ళకేసి తాను చూసుకుంటున్నాడు. గుమ్మం లోపల సత్యశ్రీ, ఆమె భుజం మీద వెంకటస్వామి.

"వచ్చేవా ఉమా? బస్సులో అలిసిపోయుంటావు. ముందు మంచినీళ్ళు తాగు" అంది వీరలక్ష్మి.

మా గోదావరి వాళ్ళం పీక కోసేముందు కూడా మంచినీళ్ళిచ్చి, భోజనం అయిందా అని అడిగే కోస్తాం. ఉమాదేవి ఆ నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. "చూడండి ఉమాదేవిగారూ. మీ మీద ఇక్కడ ఎవరికీ కోపం లేదు. ఒక్క మాట అనేస్తే అయిపోద్ది. శనివారం వాడపల్లి వెళ్దాం. స్వామి ఎదురుగా, మనవాళ్ళు పదిమంది ఉండగా, 'తెలియక పెట్టేను, నా చెయ్యి తప్పు' అని ఓ కొబ్బరికాయ కొట్టేయండి. అక్కడితో ఊరి నోరు మూతపడిపోద్ది. మీ బడికి పిల్లల్ని మళ్ళీ పంపించే పూచీ నాది."

ఉమాదేవికి ఆ మాట అనెయ్యాలనిపించింది. అబద్ధమెందుకు, బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచించింది. మూడు నెలలుగా వీధిలో ఆడవాళ్ళు తనని చూసి బిడ్డల ముఖాలు కొంగుల్లో దాస్తున్నారు. ఒక్క కొబ్బరికాయతో అదంతా పోతుందంటే ఎవరికి చేదు? అభిమానం చంపుకోవడం ఆడదానికి కొత్తా? కానీ అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అది అడక్కుండా తల వంచకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

"అలాగేనండి బావగారూ. నేనామాట అంటే, ఎల్లుండి గురువారం బాబుని కాకినాడ తీసుకెళ్తారాండి? రక్తం ఎక్కించే రోజండి అది."

జగ్గారావు అక్కకేసి చూశాడు.

"ఇంకా కాకినాడ ఎందుకూ?" అంది వీరలక్ష్మి. "దోషం పోయేక జబ్బెక్కడుంటుంది? ఊరూ పేరూ తెలీనోళ్ళ రక్తం మా పిల్లాడి ఒంట్లోకి ఎక్కించింది చాలు. పసరువైద్యుడికి కబురు పెట్టేను. ఇంక ఆస్పత్రి గడప తొక్కేది లేదు."

లోపల సత్యశ్రీ పిల్లాణ్ణి గట్టిగా హత్తుకుంది. ఉమాదేవి అరుగు దిగి వాకిట్లో నిటారుగా నిలబడింది.

"అయితే అననండి" అంది.

"ఏటీ?"

"అనను వదినా. నా చెయ్యి తప్పని నేను ఒప్పుకున్నానంటే, జబ్బు నా చేతిలో ఉన్నట్టు. కాయ కొడితే పోయినట్టు. వాణ్ణి గురువారం ఇంట్లోనే పడుకోబెడతారు, వచ్చే నెలా పడుకోబెడతారు. సంక్రాంతి దాకా వాడుంటాడని ఎవరైనా పూచీ పడతారా? నేను మంచిదాన్ననిపించుకోవడం కోసం పిల్లాణ్ణి బలి ఇచ్చెయ్యలేను. ఊళ్ళో ఒక్క పిల్ల కూడా నా బడికి రాకపోయినా సరే. ఆ తాళం నేనే వేసి, తాళంచెవి తీసుకెళ్ళి పంచాయతీలో ఇచ్చేస్తాను. ఈ మాట మాత్రం అనను."

గునపాల చప్పుడు ఆగిపోయింది. వీరలక్ష్మి వాళ్ళకేసి ఒక చూపు చూసేసరికి మళ్ళీ మొదలైంది.

"మరి వాడికి వచ్చిందేంటి? ముద్ద పెట్టేదాకా గుమ్మడికాయలా ఉన్నోడు, పెట్టిన నెలకి పాలిపోయేడు. నిప్పు లేందే పొగొస్తుందా?"

"అదే చెబుతాను. బావగారూ, మీరైతే తొందరగా పట్టుకుంటారండి. డాక్టరమ్మగారు నాకు స్విచ్చిలని చెప్పేరు. మన ఊళ్ళో కరెంటు సగంరోజు ఉండదు కాబట్టి నేను తూముల్లో చెబుతాను."

తూము అనేసరికి జగ్గారావు కుర్చీలో ముందుకి జరిగాడు.

"మన నెత్తుటికి ఎరుపిచ్చేది హిమోగ్లోబిన్ అంటారండి. ఊపిరి ఒళ్ళంతా మోసుకెళ్ళేది అదే. అందులో గ్లోబిన్ అనే సరుకు తయారవ్వాలంటే దానికి జన్యువులుంటాయి. ఒక్కటి కాదండి, ఒకే కాలవ మీద వరసగా తూములున్నట్టు ఉంటాయి. అన్నీ ఒక్కసారి తియ్యరు. బిడ్డ కడుపులో పడ్డ మొదటి వారాల్లో మొదటి తూము పారుద్ది. తరవాత దాన్ని కట్టేసి రెండోది తీస్తారు. కడుపులో ఉన్నన్నాళ్ళూ ఆ రెండోదే. తల్లి నెత్తుట్లోంచి ప్రాణవాయువు లాక్కోవాలి కదండీ, అందుకని ఆ రకానికి పట్టెక్కువ. బిడ్డ పుట్టేక లాక్కునే పని లేదు, సొంత ఊపిరి ఉంది. అంచేత రెండోదాని తలుపు కొంచెం కొంచెంగా దించుతా, మూడోదాని తలుపు ఎత్తుతా వస్తారు. ఆరోనెల వచ్చేసరికి రెండోది మూసేసినట్టే. అక్కణ్ణించి బతికినన్నాళ్ళూ మూడోదే."

"ఎవరు దించేది?" అన్నాడు జగ్గారావు.

"లోపల మీలాంటి అధ్యక్షుడొకాయన ఉంటాడండి, ఎలక్షను లేకుండా."

ప్రసాద్ మొహంలో నవ్వులాంటిది మెదిలి తల్లిని చూసి ఆరిపోయింది.

"ఇప్పుడు మీరు చెప్పండి బావగారూ. ఆ మూడో తూము పుట్టుకతోనే పూడిపోయి ఉందనుకోండి. ఎప్పుడు తెలుస్తుంది?"

జగ్గారావుకి ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు ఏడాదిగా ఎవరూ దొరకలేదు. "రెండోది పారుతున్నన్నాళ్ళూ ఎవడికీ తెలీదండి. చేను పచ్చగానే ఉంటాది. రెండోది దించేసేక చూడాలి. పై నుంచి నీళ్ళు వదిలినా చేలోకి చుక్క రాదు. అప్పుడు ఎండుద్ది..." అంటూ అంటూ ఆగిపోయాడు.

"ఆయ్. అదేనండి. ఆరోనెల."

జగ్గారావు గుమ్మంలో ఉన్న మనవడికేసి చూశాడు. వాడు తల్లి మంగళసూత్రం నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు.

"ఆరోనెల్లో అన్నం పెట్టమని పెద్దలన్నారు. ఆరోనెల్లోనే తూము దించమని ఒళ్ళు చెప్పింది" అంది ఉమాదేవి. "కాకి వాలింది, తాటిపండు పడింది. మీరు కాకిని పట్టుకున్నారు వదినా. శివశంకర్‌కి సెలవు దొరికి విమానమెక్కి వచ్చి వాడే పెట్టుంటే, మీ సొంత మేనల్లుడి చేత కూడా కాయ కొట్టించేవారా?"

వీరలక్ష్మి కొంగు సర్దుకుని ఒలుపువాళ్ళకేసి తిరిగింది.

"ఇంకోటి. ఊళ్ళో పిల్లలందరితోపాటు వీడి తూకం కూడా నేనే రాసేను. అయిదోనెల్లో ఆరుకిలోల ఎనిమిదొందలు. అన్నప్రాసనకి మూడ్రోజుల ముందు మళ్ళీ తూస్తే ముల్లు కదల్లేదు. అప్పటికి వాడు మెతుకు ముట్టలేదు. సూపర్‌వైజరుగారి సంతకం ఉంది, కావాలంటే పుస్తకం పంపిస్తాను."

"పుస్తకాలు నువ్వే రాసుకుంటావు, నువ్వే చూపిస్తావు" అంది వీరలక్ష్మి, కానీ గొంతులో ఇందాకటి బరువు లేదు. "సరే. పూడిందన్నావు. ఎందుకు పూడింది? మా వంశంలో అలాంటిది లేదే!"

ఉమాదేవి సంచిలో చెయ్యి పెట్టింది. ఇంతవరకూ చెప్పింది తనని కాపాడుకోవడానికి. ఇక చెప్పబోయేది ఎదుటివాళ్ళకి తగులుతుంది. తగలాలనే కసి కూడా ఆమెలో లేకపోలేదు. మూడు నెలల కసి ఊరికే పోదు కదా.

"ప్రతి మనిషికీ ఈ తూముల వరసలు రెండుంటాయండి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒకదాంట్లో తూము పూడినా రెండోది పారితే మనిషికి ఇబ్బంది ఉండదు. నూరేళ్ళు బతికినా తెలీదు. రెండు వరసల్లోనూ పూడితేనే బాబులా అవుతారు. అంటే ఒకటి సత్యశ్రీ ఇచ్చింది, ఒకటి ప్రసాద్ ఇచ్చేడు." రెండు కవర్లు అరుగు మీద పెట్టింది. "సత్యశ్రీకి ఎక్కణ్ణించి వచ్చింది? ఇదిగోనండి బావగారూ, మీది. ప్రసాద్‌కి ఎక్కణ్ణించి వచ్చింది?"

నాలుగో కవరు వీరలక్ష్మి ఒళ్ళో పెట్టింది.

ఆవిడకి ఇంగ్లీషు రాదు. జగ్గారావుకి కొంచెం వచ్చు. తన కాగితం, అక్క కాగితం పక్కపక్కన పెట్టుకుని చూశాడు. అంకెల దగ్గర రెండింటిలోనూ ఎర్రసిరాతో ఒకేచోట గీత గీసి ఉంది. కింద డాక్టరమ్మ తెలుగులో రాసిన మాటా ఒకటే. జగ్గారావు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"అక్కా" అన్నాడు. "ఇది మనిద్దరికీ ఉందే. అమ్మదో నాన్నదో మరి."

మన రక్తం మన ఇంట్లోనే ఉంటుందని పదిమందికీ చెప్పుకున్న మనిషి వీరలక్ష్మి. అన్నట్టే ఉంది, రెండువైపులనుంచీ తిరిగొచ్చి మనవడి ఒంట్లో కలుసుకుంది. ఆవిడ కాగితం మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. మొహం నల్లబడిపోయింది. ఉమాదేవి ఈ క్షణం కోసం ఎన్ని రాత్రులు ఎదురుచూసిందో! తీరా వచ్చాక ఆమెకి సంతోషం కలగలేదు. ఒలుపువాళ్ళ ముందు, కోడలి ముందు అలా కుంచించుకుపోయిన వదిన మీద జాలేసింది, ఆ జాలి తనకి నచ్చనూ లేదు.

"ఇప్పుడంటావు కదా, మా పుట్టింటిదే తప్పని. అను. ఊరంతా చెప్పు" అంది వీరలక్ష్మి.

"చెప్పను. అది తప్పయితే కదా చెప్పడానికి! మీరు అడిగి తెచ్చుకున్నారా, కొని తెచ్చుకున్నారా? మీ రక్తం తప్పు అని నేనంటే, మీరు నాకు చేసిందే నేను మీకు చేసినట్టు. అలా చెయ్యడానికి నాకేం ఖర్మ పట్టలేదు."

మంచిమాటకి కూడా కోపమొచ్చే మనుషులుంటారు. వీరలక్ష్మి చటుక్కున లేచింది. "మరి నీది? అయిదో కవరేది? మా అందరివీ నడివాకిట్లో పరిచి నీది సంచిలో దాచుకున్నావేం?"

"దాచలేదండి. అడుగుతారని ఆగేను." ఉమాదేవి అయిదో కవరు తీసి జగ్గారావు చేతికిచ్చింది. "నా కాగితం చూసి డాక్టరమ్మగారు రెండోసారి రక్తం తీసేరు. యంత్రం తప్పు చూపించిందనుకున్నారట. నా ఒంట్లో ఆ రెండో తూము పూర్తిగా మూసుకోనే లేదంట బావగారూ. నలభై మూడేళ్ళొచ్చినా నా నెత్తుట్లో నాలుగోవంతు ఇంకా పొత్తిళ్ళలో పిల్లదేనంట. దానివల్ల నాకే జబ్బూ లేదు. ఎక్కడో కొందరికి పుట్టుకతో అలా ఉంటుందంట, వంశంలో దిగుద్దంట."

"నీ వంశంలో అంటే..." జగ్గారావు గోడ మీది జగ్గయ్య ఫొటోకేసి చూశాడు.

"అన్నయ్యకీ ఉండాలి. ఎందుకంటే ప్రసాద్‌కి ఉంది." ఉమాదేవి మేనల్లుడి వైపు తిరిగింది. "నీకు మీ అమ్మ ఇచ్చిన వరసలో మూడోది పూడింది. మీ నాన్న ఇచ్చిన వరసలో రెండోది మూసుకోలేదు. అందుకే నువ్వు ఎద్దులా ఉన్నావురా. పిల్లలకి మాత్రం ఆ రెండిట్లో ఏదో ఒకటే ఇవ్వగలవు. మీ నాన్నది వాడికి వెళ్ళుంటే వాడికి ఈ సూదులు ఉండేవి కాదు. మీ అమ్మది వెళ్ళింది. అందులో నీ ఇష్టం లేదు, ఎవరి ఇష్టమూ లేదు."

జగ్గారావు మొహం వెలిగిపోయింది. నాయకుడు కదా, గాలి ఎటు తిరిగిందో ముందు ఆయనకే తెలిసింది. "అయితే అది మహత్తు ఉన్న చెయ్యన్నమాట! అక్కా, విన్నావా? శనివారం వాడపల్లిలో ఉమాదేవిగారి చేత్తోనే బాబుకి మళ్ళీ ముద్ద పెట్టిద్దాం. మేళం పెట్టి మరీ..."

"వద్దండి" అంది ఉమాదేవి. అంత గట్టిగా ఆమె ఆ మధ్యాహ్నం మొత్తంలో మాట్లాడలేదు. "నిన్నటిదాకా పాడుచెయ్యి, ఇవాళ్టినుంచి దేవుడి చెయ్యా? నాకు రెండూ వద్దు బావగారూ. ఇది చెయ్యి. పిల్లల మూతులు తుడుస్తాది, అన్ని పేటల పిల్లలవీ తుడుస్తాది, రేపూ తుడుస్తాది. గురువారం పొద్దున్న ఆరింటికి బాబుని ఎత్తుకుని కాకినాడ బస్సెక్కుతాది. ఎవరైనా అడ్డమొస్తే అప్పుడు మాట్లాడుకుందాం."

వీరలక్ష్మి మళ్ళీ కూర్చుంది. ఎవరికేసీ చూడకుండా, "ఆరింటి బస్సు కిక్కిరిసి ఉంటాది. పిల్లాడికి ఊపిరాడదు. కారు చెప్తాను" అంది. ఓడిపోయానని చెప్పడానికి ఆవిడకి వచ్చిన భాష అదొక్కటే. ఉమాదేవి సరేనన్నట్టు తల ఊపి కవర్లన్నీ ఏరి సంచిలో వేసుకోబోయింది.

అప్పుడు సత్యశ్రీ గుమ్మం దాటి బయటికి వచ్చింది. కాపురానికి వచ్చి మూడేళ్ళయినా అత్తగారి ఎదుట అరుగు మీదికి రాని పిల్ల, పిల్లాణ్ణి భుజానేసుకుని తిన్నగా నలుగురి మధ్యకీ వచ్చి నిలబడింది.

"పిన్నిగారూ, ఆయన ఏదో ఒకటే ఇవ్వగలరన్నారు కదండీ. నాకు తొమ్మిదో వారం. దీనికి ఏది ఇచ్చేరో తెలుసుకోవచ్చాండి?"

జగ్గారావు కూతురి మొహం చూసి తల దించుకున్నాడు. ఉమాదేవికి ఆ పిల్ల పదిరోజులుగా చింతకాయలు తెప్పించుకోవడం, కాకినాడ బస్సులో కిటికీ పక్కనే కూర్చుంటాననడం, అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి.

"తెలుసుకోవచ్చమ్మా" అంది నెమ్మదిగా. "డాక్టరమ్మగారు చెప్పేరు. మద్రాసు అవతల పెద్దాస్పత్రిలో చేస్తారంట, పన్నెండో వారం లోపు వెళ్ళాలంట. నీ రక్తం, ప్రసాద్ రక్తం రెండూ కావాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి."

"తెలుసుకుని?" అంది వీరలక్ష్మి. ఆ గొంతులో దెప్పు లేదు. ఇందాకటినుంచీ ఆవిడ నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అదొక్కటే. "నాదే వచ్చిందని తేలితే ఏం చేస్తావే?"

"తేలనివ్వండి అత్తయ్యగారూ. తేలేక నేను చెబుతాను. కడుపు నాది కాబట్టి ముందు నేనే ఆలోచించుకుంటాను. చీకట్లో మాత్రం ఈసారి కననండి. వీణ్ణి అలా కనే, ఆర్నెల్లపాటు ఎత్తుకుని మురిసిపోయేను."

ఉమాదేవి గర్వంగా ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "గురువారమే డాక్టరమ్మగారి చేత ఆ ఆస్పత్రికి ఉత్తరం రాయిస్తాను. ముందు రైలు టిక్కెట్లు..."

"నేను సంతకం పెట్టను."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ మాట అన్నది ప్రసాద్. అతను స్తంభాన్ని వదిలి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళ మధ్య అతను సొంతంగా ఒక మాట అనడం అదే మొదలు. ఈసారి కళ్ళు దించలేదు.

"వద్దత్తయ్యా. చెడ్డదని తేలితే తీయించెయ్యమంటారు. అందరూ అదే అంటారు, డాక్టర్లూ అంటారు. కిందటేడు ఈ పరీక్ష మనకి తెలిసుంటే, వీడు కడుపులో ఉండగా చేయించేవాళ్ళం కదా? అప్పుడు వీడేడి?"

తండ్రి గొంతు విని వెంకటస్వామి తల్లి భుజం మీదనుంచి అటు తిరిగి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపాడు.